కార్బరేటర్ విప్పే ముందు: పాత బండిలో పెట్రోల్ తిప్పలు

బండి సతాయిస్తే మన దగ్గర వినిపించే మొదటి మాట "కార్బరేటర్ క్లీన్ చేయించు". పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం అది. ఆ మాట విని రెండుసార్లు డబ్బులిచ్చాను. ఇల్లు దాటి నాలుగు కిలోమీటర్లు పోగానే మళ్లీ అదే కథ: గొంతు పట్టుకున్నట్టు ఆగిపోవడం, ఐదు నిమిషాలు ఆగి కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ కావడం. చివరికి దొంగ దొరికింది ట్యాంకు మూతలో. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి, పెట్రోల్ పై నుంచి కిందికి ఎలా వస్తుందో నేనూ అలాగే వెతుక్కుంటూ వస్తాను. కార్బరేటర్‌ను విప్పేది అన్నిటికంటే చివర.

ఇక్కడ రాసేది స్ప్లెండర్, సీడీ 100 లాంటి వందసీసీ పాత బండ్ల గురించి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (పొగ కాలుష్య నిబంధనలు) వచ్చాక కొత్త బండ్లు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వాటికి కార్బరేటర్ ఉండదు, వాటి లెక్క వేరు.

ముందు సీసా పరీక్ష

కార్బరేటర్ అడుగున గిన్నె లాంటి భాగం ఉంటుంది, దానికి చిన్న డ్రెయిన్ స్క్రూ, పెట్రోల్ బయటికి వచ్చే సన్నటి పైపు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గర్లో సిగరెట్టూ దీపమూ లేకుండా చూసుకుని, ఆ పైపు కింద గాజు సీసా పెట్టి స్క్రూ వదులు చేయండి. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ వదిలే కుళాయి) ఆన్‌లోనే ఉంచండి. సగం జబ్బులు ఈ సీసాలోనే తెలిసిపోతాయి.

ధార నిలకడగా వస్తుంటే పైనంతా బాగున్నట్టే. మొదట బాగా వచ్చి, కాసేపటికి చుక్కలుగా మారితే ట్యాంకు మూత తెరవండి. తెరవగానే ధార పుంజుకుందా? మూతలో గాలి పోయే రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ దిగినంత మేరా పైనుంచి గాలి లోపలికి రావాలి, రాకపోతే పెట్రోల్ దిగదు. మా బండికి జరిగింది ఇదే. దుమ్మూ, నేను శ్రద్ధగా రుద్దిన పాలిష్ మైనమూ కలిసి ఆ రంధ్రాన్ని పూడ్చేశాయి. మూత కడిగి గాలి కొడితే పోయింది. ఖర్చు సున్నా.

మూత తెరిచినా ధార సన్నగానే ఉంటే కాక్‌లోని జాలీ, పైపు చూడాలి. జాలీకి తుప్పు పొడి అంటుకుంటే ట్యాంకు లోపల తుప్పు ఉన్నట్టు. జాలీ ఒక్కటే కడిగి ఊరుకుంటే నెలలో మళ్లీ అదే పని.

సీసా కదపకుండా కాసేపు ఉంచి అడుగు కూడా చూడండి. విడిగా ముత్యాల్లా కదిలే బొట్లు కనిపిస్తే అవి నీళ్లు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. రిజర్వ్ లాగేది ఆ అడుగునుంచే. అందుకే వంద రూపాయల పెట్రోల్ పోయించుకుంటూ ఏడాదంతా రిజర్వ్‌లో తోలేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ఆరబెట్టి, కొత్త పెట్రోల్ పోయడమే దారి.

చోక్ వేస్తేనే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది

చోక్ అంటే గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట. ఈ జబ్బు మాత్రం నిజంగా కార్బరేటర్ పనే కావచ్చు. బండి రెండు మూడు నెలలు కదలకుండా ఉంటే గిన్నెలో పెట్రోల్ ఆవిరై జిగురు మిగులుతుంది. అది ముందు మూసేది తక్కువ వేగంలో పెట్రోల్ అందించే స్లో జెట్‌నే, దాని రంధ్రం అంత సన్నం. విప్పి, కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టండి. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించాలి. సూదితో, ఇనుప తీగతో మాత్రం పొడవకండి. జెట్టు ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే బండి జన్మలో సెట్ కాదు.

జెట్టు శుభ్రంగానే ఉన్నా అదే వరస అయితే కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఎక్కడో గాలి లాగుతోంది. ఐడిలింగ్‌లో ఉంచి ఆ అతుకు మీద నాలుగు నీటి చుక్కలు వేయండి, శబ్దం మారితే దొరికినట్టే. ఆ అతుకులోని ఓ-రింగ్ (రబ్బరు రింగు) మార్చాలి. నట్లు బలం కొద్దీ బిగిస్తే ఫ్లాంజ్ (అతుకు దగ్గరి అంచు) వంగి లీకు ఇంకా పెరుగుతుంది.

ఆపి ఉంచితే కింద పెట్రోల్ కారుతోంది

గిన్నె నిండగానే ఫ్లోట్ (తేలే బెండు) పైకి లేచి సూదితో పెట్రోల్ దారి మూస్తుంది. ఆ ఫ్లోట్ సూది సరిగా కూర్చోవట్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను మెల్లగా రెండు తట్లు తడితే ఒక్కోసారి చెత్త జారి సర్దుకుంటుంది. మళ్లీ కారితే విప్పి సూది మొన చూడండి, గీత పడి ఉంటే మార్చేయాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోల్ గలగలమంటే దానికి చిల్లు పడింది.

ఇక్కడ తొందర పడకూడని విషయం ఒకటుంది. రాత్రంతా కారిన బండిని పొద్దున్నే కిక్కు కొట్టకండి. పెట్రోల్ ఇంజన్ లోపలికీ దిగి ఉండొచ్చు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ కంపు కొడితే ముందు ఆయిల్ మార్చాలి, ఆ పలచటి ఆయిల్‌తో నడిపితే ఇంజన్ అరుగుతుంది. రిపేరు అయ్యేదాకా రాత్రిళ్లు కాక్ ఆఫ్ చేసి పెట్టండి.

మైలేజ్ పడిపోయింది, పొగ నల్లగా వస్తోంది

స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. చోక్ లివర్ సగంలో ఇరుక్కుందేమో, ఎయిర్ ఫిల్టర్ మట్టికొట్టుకుపోయిందేమో ముందు చూసుకోండి. తెల్లగా కాలినట్టుంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. ఇటుక రంగులో ఉంటే మిశ్రమం బాగుంది, లోపం కరెంటు వైపు ఉందేమో వెతకాలి.

కార్బరేటర్ మీది ట్యూనింగ్ స్క్రూ (గాలి, పెట్రోల్ పాళ్లు సర్దేది) తిప్పేముందు అది ఏ వైపు ఉందో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, బిగిస్తే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్‌ది, బిగిస్తే తగ్గుతుంది. ముందు మెల్లగా పూర్తిగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, సుద్దముక్కతో గోడ మీదైనా రాసి పెట్టుకోండి. సెట్టింగ్ చెడిపోతే తిరిగి అక్కడికి రావచ్చు.