ఇల్లు సర్దుకుందాం – 4వ పాఠం: కాగితాల సంచి

పోయిన పాఠంలో సజ్జ మీది సామానంతా దించి చూశాం కదా. అప్పుడు మీలో చాలామందికి ఒక సంచి దొరికే ఉంటుంది. ఎప్పటిదో చీరల షాపు సంచి, దాన్నిండా కాగితాలు. కరెంటు బిల్లులు, పిల్లల టీసీలు, మిక్సీ వారంటీ కార్డు, ఎవరిదో శుభలేఖ, మధ్యలో నలిగిపోయి ఇంటి రిజిస్ట్రేషన్ జిరాక్సు. ఈ వారం పని ఆ సంచితోనే.

ఆదివారం భోజనాలయ్యాక రెండు గంటలు కేటాయించండి. హాల్లో దుప్పటి పరిచి, ఫ్యాను ఆపేసి కూర్చోండి. బీరువాలో, టీవీ కింద, ఫ్రిజ్ మీద, దేవుడి గూట్లో ఉన్న కాగితాలు కూడా తెచ్చి ఆ దుప్పటి మీదే పోయండి. అన్నీ ఒక్కచోటికి రాకుండా సర్దడం మొదలుపెట్టకండి.

మామూలుగా మనం మనిషికో ఫైలు పెడతాం. నాన్నవి ఒకటి, అమ్మవి ఒకటి, పిల్లలవి ఒకటి. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. కానీ కాగితం అవసరం పడినప్పుడు మనం ఏమంటాం? "బ్యాంకులో అడిగారు", "స్కూల్లో రేపే తెమ్మన్నారు" అంటాం. అందుకే ప్రతి కాగితాన్నీ చేతిలోకి తీసుకుని రెండే ప్రశ్నలు వేయండి. దీన్ని ఎవరు అడుగుతారు? ఎప్పుడు అడుగుతారు? ఆ జవాబును బట్టే కుప్ప వేయండి.

ఎప్పుడైనా అడగొచ్చు, పోతే మళ్లీ తెచ్చుకోవడం కష్టం అనిపించేవి మొదటి కుప్ప. జనన ధ్రువపత్రాలు, పెళ్లి సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఇంటి దస్తావేజు, దాని లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు ఆ ఇల్లు చేతులు మారినప్పటి పాత పత్రాలు) ఇందులోకి వస్తాయి. చిన్న తరగతుల స్టడీ సర్టిఫికెట్లు, బోనఫైడ్‌లు కూడా ఇక్కడే పెట్టండి. "రెండో తరగతిది ఇంకెందుకు" అని పారేసినవాళ్లు నాకు తెలుసు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికత తేల్చేది 1 నుంచి 7వ తరగతి వరకు చదివిన చోటును బట్టే. అందులో నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆ బడి మూతపడితే ఆ కాగితం కోసం తిరగాల్సింది అప్పటికి ఉద్యోగం వెతుక్కుంటున్న మీ అబ్బాయో, అమ్మాయో.

ఈ కుప్పను ఎక్కడ పెట్టాలో నాకు 2020 అక్టోబరు 13 రాత్రి తెలిసొచ్చింది. ఆ రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు మా కింది పోర్షన్‌లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. ముఖ్యమైనవని భద్రంగా బీరువా అట్టడుగు అరలో పెట్టిన కాగితాలే ముందు తడిశాయి. దస్తావేజు మీది ముద్రలన్నీ చెదిరిపోయాయి. రెండు రోజులు నీడలో న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టాం. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. రిజిస్టరైన పత్రానికి ఆ వీలైనా ఉంది. మా అత్తయ్య చేత్తో రాసి ఉంచిన పొలం లెక్కల పుస్తకానికి లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

కాబట్టి మొదటి కుప్పను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి పై అరలో ఉంచండి. ఒరిజినల్స్‌కు మాత్రం లామినేషన్ చేయించకండి. ఒకసారి చేయిస్తే దాని మీద మళ్లీ ముద్ర వేయడం కుదరదు, తీయబోతే కాగితం చిరుగుతుంది. ఒక్కో కాగితాన్ని పారదర్శకమైన కవర్లో పెడితే సరిపోతుంది.

ఏడాదికోసారి మారేవి రెండో కుప్ప. బండి ఇన్సూరెన్స్, ఆరోగ్య బీమా, అద్దె అగ్రిమెంటు లాంటివి. కొత్తది చేతికి రాగానే దాని గడువు తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసేయండి. ఈ కుప్పకు అంతకంటే పనేం లేదు.

అన్నిటికంటే పెద్దది బిల్లుల కుప్ప. తేలికగా కరిగేదీ అదే. నిజానికి మనకు కావాల్సింది బిల్లు కాదు, దాని మీది నంబరు. కరెంటు బిల్లు మీద యూఎస్‌సీ నంబరు, నల్లా బిల్లు మీద క్యాన్ నంబరు, ఇంటి పన్ను రసీదు మీద పీటీఐఎన్, గ్యాస్ పుస్తకంలో కన్స్యూమర్ నంబరు. ఈ నాలుగూ ఒక కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపు లోపలి వైపు అంటించండి. మీరు ఊళ్లో లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్లు ఆ కార్డు చూసి ఫోన్లో కట్టేయగలరు, ఫిర్యాదు చేయాల్సి వచ్చినా టెన్షన్ ఉండదు. ఆ తర్వాత ఒక్కో రకంలో ఆఖరి బిల్లు ఉంచుకుని పాతవి తీసేయండి. ఇంటి పన్ను రసీదులు మాత్రం పారేయొద్దు, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు. జీహెచ్ఎంసీ ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవాళ్లకు 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తోంది, కాబట్టి ఆ నెలనూ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

షాపు బిల్లుల గురించి ఒక మాట. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బిల్లుల్ని చాలా షాపుల్లో నున్నటి థర్మల్ కాగితం మీద ఇస్తారు. వేడికి, వెలుతురుకు దాని మీది అక్షరాలు వెలిసిపోతాయి. వారంటీ పూర్తికాకముందే తెల్ల కాగితం మిగులుతుంది. కొన్న రోజే జిరాక్సు తీయించి వారంటీ కార్డుకు పిన్ చేయండి.

ఆస్పత్రి కాగితాలకు మాత్రం నా పద్ధతి వేరు. ఇక్కడ మనిషికో ఫైలే మేలు, కొత్త రిపోర్టు పైకి రావాలి. డాక్టరు చూసేది ఆ మనిషినే కాబట్టి.

ఎవరూ ఎప్పుడూ అడగనివి చివరి కుప్ప. పారేసే ముందు ఆధార్, పాన్ జిరాక్సులు ఏరి ముక్కలుగా చింపండి. ఇకమీదట ఎక్కడైనా జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నారో, తేదీతో సహా రాసి ఇవ్వండి.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో లైసెన్సు, ఆర్‌సీ లాంటివి సంబంధిత శాఖ నుంచే వస్తాయి, అలా వచ్చినవి ఒరిజినల్‌తో సమానం. మనం ఫొటో తీసి అందులో దాచుకున్నవాటికి ఆ విలువ లేదు. ఈ తేడా ఇంట్లో అందరికీ చెప్పండి.

ఈ వారం అభ్యాసం: నాలుగు నంబర్ల కార్డు రాయండి. మొదటి కుప్పలో ఉండాల్సినవాటిలో మీ ఇంట్లో లేనివేంటో ఒక చీటీ మీద రాసుకోండి. ఆ చీటీని పారేయకండి, ఐదో పాఠంలో మీసేవకు వెళ్లే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలో దాన్ని పట్టుకునే చూద్దాం.