స్టార్టప్ కోసం భిన్న అనుభవాలున్న జట్టును ఎలా కూర్చుకోవాలి?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక స్టార్టప్ మొదలైందంటే, దాని వెనుక సాధారణంగా ఒకే కాలేజీలో చదువుకున్న ముగ్గురు నలుగురు స్నేహితులు ఉంటారు. నమ్మకం ఉన్నచోటే డబ్బు పెడతాం కనుక ఇది సహజమే. అయితే ఒకేలా పెరిగి, ఒకే చదువు చదివిన నలుగురికి తెలిసిన విషయాలతో పాటు తెలియని విషయాలు కూడా ఒకటే అవుతాయి. జట్ల పనితీరుపై జరిగిన పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2007లో వెలువడింది. చదువు, వృత్తి, అనుభవం వంటి పనికి సంబంధించిన తేడాలు ఫలితాలను మెరుగుపరిచాయనీ, వయసు, స్త్రీ పురుష భేదం వంటివి వాటంతట అవే అలాంటి ప్రభావం చూపలేదనీ అందులో తేలింది. అందువల్ల మనిషిని వెతకడానికి ముందు మీ పనిలో ఉన్న ఖాళీని వెతకాలి.

ఇందుకు వ్యాపారం నడిచే దారినంతా కాగితం మీద రాయండి. నల్లగొండ బత్తాయిని రైతు దగ్గర కొని హైదరాబాద్‌లో ఇళ్లకు చేర్చే యాప్ పెడుతున్నారనుకుందాం. కోత, కాయల ఏరివేత, తూకం, రవాణా, చెల్లింపు, అప్పగింత అని వరుసగా రాసి, ఆ పనిని స్వయంగా చేసిన సభ్యుల పేర్లను ఒక్కొక్కదాని ఎదుట రాయాలి. చూసినవారి పేర్లు, విన్నవారి పేర్లు రాయకూడదు. యాప్ తయారీ ఎదుట నాలుగు పేర్లు ఉండి, తూకం ఎదుట ఒక్కటీ లేకపోతే ఏమవుతుందో చూడండి. మీ యాప్‌లో టన్ను ధర కనిపిస్తుంది. బత్తాయి తోట ఉన్న ఇంట్లో పెరిగిన మనిషైతే దాన్ని చూడగానే "తరుగు ఎంత తీస్తరు?" అని అడుగుతారు. టన్నుకు 20,000 రూపాయలు చెప్పి, తరుగు పేరుతో తూకంలోంచి 100 కిలోలు తగ్గించే వ్యాపారి, రైతు చేతిలో పెట్టేది 18,000 మాత్రమే. తరుగు లేకుండా 19,000 ఇచ్చే మీ ధర రైతుకు మేలైనదే అయినా, తరుగు మాట రాయని తెర మీద అది తక్కువగానే కనిపిస్తుంది. ఇది కోడ్‌లో దొరికే తప్పు కాదు.

ఖాళీ తెలిశాక, ఆ పని జరిగే చోటికే వెళ్లి మనిషిని వెతకాలి. మార్కెట్ యార్డులో ఏళ్ల తరబడి లెక్కలు రాసిన గుమాస్తాలు, కాయలు ఏరే పనిలో చేయి తిరిగిన మహిళలు, ఊళ్లలోని మహిళా సంఘాల నాయకురాళ్లు, పాలమూరు విశ్వవిద్యాలయంలో కామర్స్ చదువుతున్న రైతుబిడ్డలు ఇలాంటివారే. డిగ్రీని షరతుగా పెట్టకపోవడం మంచిది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపారు. చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పనిని ఆసు పోయడం అంటారు. ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడుతున్న బాధను ఇంట్లోనే చూశారు కనుకనే ఆయన ఆసు యంత్రాన్ని తయారు చేయగలిగారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయనను డిగ్రీ అడిగే ప్రకటన ఏదైనా గడప దగ్గరే ఆపి ఉండేది.

అలా వచ్చినవారికి సలహాదారు అనే పేరు ఇచ్చి సరిపెట్టకండి. జీతంతో పాటు కంపెనీలో చిన్నదైనా వాటా ఇవ్వండి. ఆ వాటా నాలుగేళ్లలో విడతలుగా, మొదటి ఏడాది పూర్తయ్యాకే మొదటి విడత దక్కేలా ఒప్పందం రాసుకోవడం స్టార్టప్‌లలో వాడుకలో ఉన్న పద్ధతే.

అన్నిటికంటే కష్టమైనది సమావేశం. మన దగ్గర పెద్దవారి మాటకు ఎదురు చెప్పడం మర్యాద కాదనే భావన బలంగా ఉంది. "అన్న చెప్పిండు గదా" అన్న తర్వాత చర్చ అక్కడే ఆగిపోతుంది. అందుకని సమావేశం మొదలయ్యే ముందే ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయాన్ని చీటీ మీద రాయాలి. రాయడం ఇబ్బందైనవారు ఫోన్‌లో చెప్పి రికార్డు చేయవచ్చు. మాట్లాడేటప్పుడు కొత్తగా చేరినవారు ముందు, స్థాపకులు చివర మాట్లాడాలి. మొదట్లో ఇది చికాకుగానే ఉంటుంది. 2009లో కేథరిన్ ఫిలిప్స్, ఆమె సహపరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, బయటి మనిషి చేరిన బృందాలు సరైన జవాబును ఎక్కువగా కనుక్కున్నా, తాము బాగా పనిచేశామన్న నమ్మకం మాత్రం వాటికి తక్కువగా ఉంది. కనుక చర్చలు సాగుతున్నాయన్న కారణంతో కొత్తవారిని పంపించేయకుండా, కనీసం ఒక పంటకాలం ఆగి చూడాలి.

చర్చ తెగని చోట చివరి మాట ఎవరిదో కూడా ముందే రాసుకోండి. తూకం, ధర ఒకరివి, సాఫ్ట్‌వేర్ మరొకరిది కావచ్చు. ఒక నోటుపుస్తకంలో ఎవరి అభ్యంతరం వల్ల ఏ నిర్ణయం మారిందో తేదీతో నమోదు చేయండి. మూడు నెలల తర్వాత కూడా అందులో కొత్తవారి పేరు ఒక్కసారైనా కనిపించకపోతే, వారితో విడిగా కూర్చుని, చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి ఏమిటో అడిగి తెలుసుకోండి.