వాక్యం చదవడం నేర్చుకుందాం – 5: "మరియొక చోట"

పోయిన పాఠం ఇంత గొడవ చేస్తుందనుకోలేదు. మత్తయి 4:6లో యేసును దేవాలయ శిఖరం మీది నుంచి దూకమంటూ, దూతలు నిన్ను కాపాడతారని సాతాను 91వ కీర్తన ఎత్తి చెప్పేటప్పుడు "నీ మార్గములన్నిటిలో" అన్న మాట వదిలేశాడు, కీర్తన పక్కన పెట్టుకుని పోల్చి చూడండి అన్నాను. చూశారు, సంతోషం. ఆ తర్వాత పెన్సిల్ పట్టుకుని ఆదివారం ప్రసంగం మీద పడ్డారు! పాస్టర్‌గారు సగం వచనమే చదివారు కాబట్టి అది మోసమే అని ఒకరు, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు మీద సగం వచనమే ఉంది కాబట్టి చింపేశానని ఇంకొకరు. ఏ వాగ్దానం చదివినా టెన్షన్‌గా ఉందన్నయ్యా అని ఒక చెల్లెమ్మ రాసింది. తప్పు నాది. సగం చెప్పి ఆపింది నేనే.

లూకా 4 తీయండి. సాతాను పెట్టిన ఈ శోధన అక్కడా ఉంది, వరుస కాస్త వేరు, అది వదిలేయండి. కిందికి 18, 19 వచనాలకు రండి. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం చదువుతూ "ప్రభువు హితవత్సరము" అన్న చోట ఆపి, గ్రంథం చుట్టి పరిచారకుడికిచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు యెషయా 61:2 చూడండి. ఆ వచనం అక్కడ అయిపోలేదు, వెంటనే "మన దేవుని ప్రతిదండన దినమును" అని ఉంది. ఒకే అధ్యాయంలో సాతానూ వచనం తగ్గించాడు, యేసూ మధ్యలో ఆపాడు. ఇక మీ పెన్సిల్ ఎవరి మీద పెడతారు?

అంటే చూడాల్సింది ఎన్ని మాటలు పోయాయన్నది కాదు, ఆ వచనం చేతిలో పెట్టి మనతో ఏం చేయించబోతున్నారన్నది. 91వ కీర్తన "మహోన్నతుని చాటున నివసించువాడే" అని మొదలవుతుంది, దేవుని చాటున ఉన్నవాడికి చెప్పిన ధైర్యం అది. నడిచే దారిలో కాలికి రాయి తగలకుండా చూస్తాననడం వేరు, కావాలని దేవాలయ శిఖరం ఎక్కి దూకమనడం వేరు. సాతాను ఒక్క మాట కూడా వదలకుండా అప్పజెప్పినా ఆ పని తప్పే అయ్యేది. అందుకేనేమో యేసు "నువ్వు ఫలానా మాట మింగేశావు" అనలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు.

నాకు చిరాకు తెప్పించేది ఇక్కడే. ఈ "మరియొక చోట" పట్టుకుని నువ్వో వచనం, నేనో వచనం అని పేకముక్కల్లా విసురుకునేవాళ్ళున్నారు. యేసు చెప్పింది ద్వితీయోపదేశకాండము 6:16, అందులోనే మస్సా అనే చోటు పేరుంది. మస్సాలో ఏం జరిగిందో నిర్గమకాండము 17లో ఉంది: ఇశ్రాయేలీయులకు నీళ్ళు లేవు, దాహం, మోషేతో పోట్లాట, చివరికి "యెహోవా మన మధ్య ఉన్నాడో లేడో" అనేదాకా వచ్చారు. దేవుణ్ణి శోధించడమంటే అదే, ఆయనకు పరీక్ష పెట్టి, పాసైతేనే నమ్ముతాననడం. శిఖరం మీద సాతాను అడిగిందీ అదే. ఆ కథ తెలియకపోతే 6:16 ఉత్త ఎదురుదెబ్బలా కనిపిస్తుంది. బండికి 91వ కీర్తన స్టిక్కర్ అంటించి హెల్మెట్ ఇంట్లో వదిలేసి తిరిగినవాణ్ణి నేను, దానికి విశ్వాసమని పేరు కూడా పెట్టుకున్నాను. ఏడాదంతా పుస్తకం తెరవకుండా హాల్ టికెట్ బైబిల్లో పెట్టి ఫిలిప్పీ 4:13 ("నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను") చదవడం కూడా ఆ బాపతే, దానికి ముందున్న 12వ వచనంలో పౌలు మాట్లాడుతున్నది ఆకలిని, లేమిని ఓర్చుకోవడం గురించి.

ఆదికాండము 3:1లో సర్పం ప్రశ్నను 2:16తో పోల్చుకోండి, ఇప్పుడు మీకే తెలుస్తుంది, నేను చెప్పను.

అభ్యాసం. ద్వితీయోపదేశకాండము 6 నుంచి 8 దాకా ఒకే విడత కూర్చుని, గట్టిగా, రెండుసార్లు చదవండి. యేసు ఇచ్చిన మూడు జవాబులూ అక్కడివే. ఫోన్‌లో వద్దు, వెతికితే ఆ ఒక్క వచనమే ఊడిపడుతుంది, నాకు కాగితం బైబిలే ఇష్టం. తర్వాత మీ వాగ్దాన కార్డు తీసి (చింపినవాళ్ళు అతికించుకోండి) ఆ వచనం ఎవరితో, ఏ కష్టంలో చెప్పిందో నాలుగు వాక్యాల్లో రాయండి. యిర్మీయా 29:11 (మీకు చేయబోయేది హాని కాదు, మేలే అన్న వచనం) వచ్చినవాళ్ళు 10వ వచనంలోని డెబ్బది సంవత్సరాలు కూడా రాయాలి.