కార్ల సంఖ్య కాదు, కారు చేతికొచ్చే దారి చూడండి

తిరుపతి, చిత్తూరుల్లో రేసింగ్ గేమ్ కొనేవాళ్లు ముందు అడిగేది ఎన్ని కార్లు ఉన్నాయనే. గ్రాన్ టురిస్మో 7 (2022) విడుదలైనప్పుడే 400కు పైగా, ఫోర్జా మోటార్‌స్పోర్ట్ (2023) 500కు పైగా కార్లతో వచ్చాయి. అసలు తేడా కెరీర్‌లో, అంటే రేసులు గెలుస్తూ కార్లు సంపాదించుకునే భాగంలో ఉంది.

గ్రాన్ టురిస్మో 7 (జీటీ7)లో కేఫ్ మెనూలు (గేమ్‌లోని కేఫ్ ఇచ్చే చిన్న చిన్న పనుల జాబితాలు) పూర్తిచేస్తే మామూలు కార్లు బహుమతిగా వస్తాయి. లెజెండ్ కార్లలో (పేరుమోసిన పాత కార్లలో) కొన్నింటికి మాత్రం కోటికి పైగా క్రెడిట్లు (గేమ్‌లోని డబ్బు) కావాలి. దానికి టోక్యో 600 పీపీ (కారు సత్తాను కొలిచే పాయింట్లు) రేసు మంచిది: 12 ల్యాపులు, ఎక్కడా తగలకుండా నడిపితే వచ్చే క్లీన్ రేసు బోనస్ 50 శాతంతో కలిపి 8,25,000 క్రెడిట్లు. గోడ తగిలితే బోనస్ పోతుంది, ఆ ట్రాక్‌లో రెండు వైపులా గోడలే! వాన పడొచ్చు కాబట్టి ఇంటర్మీడియట్ టైర్లు (కొద్దిగా తడిసిన రోడ్డుకు వాడేవి) ముందే కొనిపెట్టుకోండి. లేకపోతే పిట్‌లోకి వెళ్లినా మార్చుకోలేరు.

ఫోర్జాలో నడిపేకొద్దీ ఆ కారు లెవెల్ పెరిగి కార్ పాయింట్లు వస్తాయి. విడుదలైనప్పుడు పార్టులు వాటితోనే కొనాల్సి వచ్చేది, 2024 అప్‌డేట్ తర్వాత క్రెడిట్లతోనూ కొనొచ్చు. కొత్త కారు తీసుకున్న ప్రతిసారీ లెవెల్ మళ్లీ మొదటినుంచి. ఒకే కారును మెరుగుపరుచుకుంటూ పోయేవాళ్లకు ఇదే బాగుంటుంది.

రెండింటి కెరీర్‌కూ నెట్ తప్పనిసరి. ఊళ్లో నెట్ సరిగా లేనివాళ్లు పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మీద ఇదే సిరీస్‌లోని పాత గేమ్ జీటీ స్పోర్ట్ తీసుకోండి. 2024 జనవరి 31న దాని సర్వర్లు మూతపడ్డాయి, అయినా చివరి అప్‌డేట్ ఒక్కసారి వేసుకుంటే జీటీ లీగ్ (దాని కెరీర్ భాగం) నెట్ లేకుండానే నడుస్తుంది.