కయాక్‌లో చేపల వేట – 5వ పాఠం: తాడు బిగిసి ఉన్నా ఊడొచ్చే లంగరు

పోయిన పాఠంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) పక్కన ముందు కొస నుంచి వెనక కొస దాకా రెండు కప్పీల మీద తిరిగే తాడు బిగించాం, దానికి ఒక స్టీల్ రింగు కట్టాం. సీట్లోంచి లేవకుండానే తాడు లాగితే రింగు ముందుకో వెనక్కో పోతుంది. దీన్ని ట్రాలీ అంటున్నాం. లంగరు తాడు తెచ్చి ఆ రింగుకి తగిలిస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అవలేదు. కిలోన్నర ఇనుము నీళ్లలో పడేయడం ఎవరికైనా వస్తుంది. తాడు బిగిసి ఉండగా, ఒక్క చేత్తో, చూడకుండా దాన్ని వదిలించుకోవడమే రావాలి. ఈ పాఠమంతా దాని గురించే.

వదిలించుకునే అవసరం ఎప్పుడొస్తుందంటే, సంతోషంగా ఉన్నప్పుడొకసారి, భయమేసినప్పుడొకసారి. చెన్నై దగ్గర ముట్టుకాడులో పండుగప్ప పడిందనుకోండి. అది ముందు చేసే పని మీ లంగరు తాడు చుట్టూ తిరగడం. తాడుని, దాని పై కొసన కట్టిన ఫ్లోటుతో (నీటి మీద తేలే బుడ్డతో) సహా అక్కడే వదిలేస్తే చేప వెనకాల మీరు పోవచ్చు, చేప చేతికొచ్చాక మళ్లీ అదే చోటికి రావచ్చు. రెండోది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎక్కి అలలు లేచినప్పుడు, లేదా ఇసుక మేట తెగి ముఖద్వారం తెరుచుకున్న రోజుల్లో పాటు (సముద్రంలోకి తీసే నీరు) వేగంగా లాగుతున్నప్పుడు. అలాంటప్పుడు లంగరు తాడు కయాక్ నడుము దగ్గర పక్క నుంచి లాగిందంటే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. అందుకే లాగుడు ఎప్పుడూ ముక్కు మీదో తోక మీదో ఉండాలి, పక్కన ఉండకూడదు.

"కారాబైనర్ పెట్టుకుంటే సరిపోదా అండీ, నొక్కితే ఊడిపోతుంది కదా?" అని మేడవాక్కం నుంచి ఒకాయన ఫోన్ చేసి అడిగారు. కారాబైనర్ అంటే స్ప్రింగు నోరున్న లోహపు కొక్కెం. ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చెన్నైలో 20 లీటర్ల నీళ్ల క్యాన్ లేని ఇల్లుండదు. నిండు క్యాన్ మెడకి గట్టి తాడు కట్టి, ఉయ్యాల కొక్కేనికి కారాబైనర్‌తో వేలాడదీయండి. నేలకి నాలుగు వేళ్ల ఎత్తు చాలు, కింద పాత దిండు పెట్టండి. ఇప్పుడు ఒక్క చేత్తో ఊడదీయండి చూద్దాం. కారాబైనర్ నోరు లోపలికి తెరుచుకుంటుంది. తెరిచారు సరే, తాడు మాత్రం అడుగున కూర్చుని 20 కిలోలు లాగుతోంది. దాన్ని పైకి జరిపి నోటి దాకా తేవాలంటే క్యాన్‌ని ఎత్తాల్సిందే. నీళ్ల మీద ఆ ఎత్తే చెయ్యి ఉండదు. పైగా కారాబైనర్ ఉండేది కయాక్ ముక్కు దగ్గర. అక్కడికి మీ చెయ్యి అందదు. అందేలా ట్రాలీని వెనక్కి లాగితే లాగుడంతా పక్కకొస్తుంది. వద్దనుకున్నది సరిగ్గా అదే.

మనం చేసేది జారుతాడు. ఓడరేవుల్లో పెద్ద పడవలు గట్టు వదిలేటప్పుడు వాడే పద్ధతే, చిన్న రూపంలో. మూడు మీటర్ల తాడు తీసుకుని ఒక కొసని ట్రాలీ రింగుకి బౌలైన్ ముడితో కట్టండి (2వ పాఠం చూడండి). రెండో కొసని ఫ్లోటు రింగులోంచి దూర్చి, వెనక్కి తెచ్చి, మళ్లీ ట్రాలీ రింగులోంచి దూర్చి, మోకాలి పక్కన ఉన్న క్లీటులో (తాడు బిగించి పట్టే బిళ్లలో) బిగించండి. అంతే. క్లీటులోంచి తీశారంటే కొస జరజరా జారుతూ ట్రాలీ రింగు దాటి, ఫ్లోటు రింగు దాటి బయటికొచ్చేస్తుంది. లంగరు, ఫ్లోటు అక్కడే ఉంటాయి, మీరు విడిపోతారు. లాగుడు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా ఊడుతుంది. కారాబైనర్‌ది దీనికి సరిగ్గా తలకిందులు. తాడు కయాక్ నుంచి పూర్తిగా ఊడిపోదు, ఒక కొస ట్రాలీకి కట్టే ఉంటుంది కాబట్టి పోగొట్టుకోం. మీ కయాక్ పొడవైతే సీటు నుంచి దూరంగా ఉన్న కొస వరకు కొలిచి, పైన ఒక మీటరు కలుపుకోండి.

దీని ప్రాణమంతా ఆ వదులు కొసలో ఉంది. కొన్న తాడు కొస పోగులు విడిపోకుండా లైటర్‌తో కాలుస్తాం కదా. కాలిన చోట చిన్న గుండు తయారవుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, తాడు కంటే కాస్త లావుగా, గట్టిగా, అంచు గరుగ్గా ఉంటుంది. ఆ గుండు రింగులో ఒక్క క్షణం తట్టుకున్నా చాలు, ముడి పడటానికి. బ్లేడుతో దాన్ని చెక్కేయండి. తర్వాత కొసకి రెండు వేళ్ల మేర గట్టి దారం దగ్గరదగ్గరగా చుట్టి, చివరికి సన్నబడేలా చేయండి. కళ్లు మూసుకుని రింగులోంచి లాగితే ఎక్కడా తగలకూడదు. ఇంకో మాట: క్లీటులోంచి జారిపోతుందేమోనని ఈ కొసకి ముడి వేయాలనిపిస్తుంది. మీకు కాకపోతే సాయం చేయడానికొచ్చిన మీ బావమరిదికి అనిపిస్తుంది. వేయొద్దు. ఆ ఒక్క ముడితో ఈ పాఠమంతా వృథా.

సామాను సంగతి. జారుతాడుకి 5 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు, పైపొర నున్నగా, వంచితే కాస్త బిరుసుగా ఉండాలి. మెత్తటి తాడు రింగు దగ్గర ముడుచుకుంటుంది. లంగరు తాడు 6 మిల్లీమీటర్ల నైలాన్, 20 మీటర్లు. చెన్నై ప్యారిస్ కార్నర్ బజార్లో నైలాన్ అని అడిగితే నీలం రంగు తాడు తీసి చేతిలో పెడతారు, అది చాలాసార్లు నైలాన్ కాదు. ఒక ముక్క ఇంటికి తెచ్చి బకెట్‌లో వేసి నీళ్లలోకి నొక్కండి. మునిగితే నైలాన్ కావచ్చు. తేలితే పాలిప్రొపిలీనో పాలిథిలీనో, అది మనకి పనికిరాదు. నీటి మీద తేలుతూ తెడ్డుకి, గాలానికి, పక్క పడవ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. నైలాన్‌కి ఇంకో గుణం, కాస్త సాగుతుంది, అల కుదుపుని మింగేస్తుంది. రింగులు రెండూ వెల్డింగ్‌తో అతుకు వేసినవై ఉండాలి, లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. తాళాల గుత్తికి వాడే చుట్ల రింగు వద్దే వద్దు. స్టీల్ 316 రకం దొరికితే అదే తీసుకోండి. ఉప్పునీళ్లలో 304కి కూడా కొన్నాళ్లకి గోధుమరంగు మరకలొస్తాయి.

ఫ్లోటుకి కాసిమేడు వెళ్లండి. హార్బర్ దగ్గర వల సామాను కొట్లలో కొబ్బరికాయంత, నడిమికి రంధ్రం ఉన్నది దొరుకుతుంది. ఆ రంధ్రంలోంచి చిన్న తాడు దూర్చి పైన స్టీల్ రింగు, కింద కారాబైనర్ కట్టండి. (అవును, ఇక్కడ కారాబైనర్ పెట్టొచ్చు. దీన్ని నీళ్ల మీద హడావిడిలో ఊడదీసే పని లేదు.) లాగుడు రింగు నుంచి తాడు మీదుగా కిందికి పోవాలి, ప్లాస్టిక్ మీద పడకూడదు. ఫ్లోటు మీద పెద్ద అక్షరాలతో మీ ఫోన్ నంబరు రాయండి. దొరికినవాళ్లు తిరిగిస్తారు, మన జాలరన్నలు అలాంటివాళ్లే.

లంగరు తాడు పొడవు నీటి లోతుకి అయిదింతలు. రెండు మీటర్ల లోతుకి పది, మూడు మీటర్లకి పదిహేను. గాలి లేని ఉదయం మూడింతలతో కూడా సరిపెట్టుకోవచ్చు. మీటరుకొక గుర్తు పెట్టుకుని, కావలసిన గుర్తు దగ్గర మడత వేసి 8 ఆకారపు ముడి వేయండి, దాన్ని ఫ్లోటు కింది కారాబైనర్‌లో వేయండి. మిగిలిన తాడుని చుట్టచుట్టి సైకిల్ ట్యూబ్ ముక్కతో బిగిస్తే చిందరవందర అవదు.

లంగరు రాళ్లలో ఇరుక్కుంటే? మడత గ్రాప్నెల్‌కి (కొక్కేలు ముడుచుకునే చిన్న లంగరుకి) పైన కన్ను ఉంటుంది, కింద కొక్కేలు కలిసే చోట ఇంకో రంధ్రం ఉంటుంది. లంగరు తాడు కొసన ఉండే గొలుసుని కింది రంధ్రానికి గట్టిగా బిగించి, కాడ వెంట పైకి తెచ్చి, పై కన్నుకి ఒక సన్నటి కేబుల్ టైతో కట్టండి. మామూలుగా అది పైనుంచే లాగుతుంది. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే టై తెగి, లాగుడు కిందికి మారి, లంగరు వెనక్కి తిరిగి ఊడొస్తుంది. టై ఎంత సన్నంగా ఉండాలో పుస్తకంలో చూసేది కాదు. కూర్చుని లాగితే మీ బలానికి తెగాలి, మామూలు అలకి తెగకూడదు. రెండు మూడు రకాలు కొని ఇంట్లో తెంపి చూడండి. ఎండకి పాతబడినవి ఊరికే తెగుతాయి, ఎప్పటికప్పుడు మార్చండి.

క్లీటు విషయంలో పళ్లున్న జామ్ క్లీటు మేలు. తాడుని పైకి ఎత్తితే చాలు, వదిలేస్తుంది. రెండు కొమ్ముల క్లీటే ఉందంటే అదీ సరే, కానీ చివరి చుట్టు కిందికి తిప్పి బిగించకండి, తడిస్తే అది రాదు. బిగించే చోటు సీటుకి ముందు, మోకాలి పక్కన. వెనక్కి తిరిగి వెతుక్కునే చోట పెట్టారంటే కావలసినప్పుడు దొరకదు. స్క్రూ కాదు, బోల్టు వేసి లోపల రబ్బరు వాషర్, నట్టు పెట్టి సీలెంట్ పూయండి.

ఇక నీళ్లలోకి దిగే ముందు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పరీక్ష. ఫ్లోటు రింగుని స్తంభానికి కట్టండి, జారుతాడు వేసి కయాక్‌లో కూర్చోండి, ఇద్దరు వెనక నుంచి లాగమనండి. కుడి చేత్తో, ఎడమ చేత్తో, కళ్లు మూసుకుని, గాలం కర్ర చేతిలో పట్టుకుని వదిలి చూడండి. లాగేవాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే వెల్లకిలా పడతారు. ఎక్కడైనా ఒక్కసారి తట్టుకుందంటే వదులు కొస మళ్లీ చెక్కండి.

నీళ్లలో వరస ఇది. లోతు చూసుకుని ముడి వేయండి. ట్రాలీ రింగు సీటు దగ్గరే ఉండగా జారుతాడు దూర్చండి, క్లీటులో ఇంకా బిగించొద్దు. ఫ్లోటుని నీళ్లలో వేసి, లంగరుని చేత్తో మెల్లగా దింపండి, విసరకండి. వెంటనే ట్రాలీ లాగి రింగుని ముక్కుకో తోకకో పంపండి, అది పోతున్నకొద్దీ జారుతాడు వదులుతూ ఉండండి. ఆ తర్వాతే క్లీటు. తాడు పది పదిహేను మీటర్లు ఉంటుంది కాబట్టి బిగిసేలోపు ఇదంతా చేసే వ్యవధి దొరుకుతుంది. లేచేటప్పుడు లంగరు వైపు తెడ్డు వేసుకుంటూ పోయి, తాడు వదులయ్యాకే రింగుని సీటు దగ్గరికి తెచ్చుకోండి. మొదటిసారి నడుము లోతులో, బోట్‌హౌస్ పడవలు తిరిగే దారికి దూరంగా చేయండి. లైఫ్ జాకెట్ వేసుకుని, దాని మీదే కత్తి పెట్టుకోండి. పాటు తెడ్డుని గెలుస్తోందనిపిస్తే ఆ రోజు లంగరు వేయకండి.

6వ పాఠం పులికాట్‌లో. అక్కడ చాలా చోట్ల మొల లోతు కూడా ఉండదు, అడుగంతా బురద. గ్రాప్నెల్ దున్నుకుంటూ పోతుంది తప్ప పట్టదు. లంగరుకి బదులు బురదలో గుచ్చడానికి రెండు మీటర్ల ఫైబర్ కర్ర ఒకటి తెచ్చి ఉంచుకోండి. జారుతాడు ఇదే పనికొస్తుంది.