ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర ఈ మాట ఎలా ఎత్తాలి

గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ళ గురించి ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలనుకునే వాళ్ళ కోసం రాస్తున్నా, ముఖ్యంగా తెనాలి, దుగ్గిరాల, పొన్నూరు వైపు ఊళ్ళ నుంచి వచ్చి బెజవాడలోనో గుంటూరులోనో ఉంటున్నవాళ్ళకి.

ఎవరి సంగతైనా సరే వాళ్ళని అడక్కుండా బయటపెట్టొద్దు. పొద్దున టీ కొట్టు దగ్గర అన్నమాట మధ్యాహ్నానికి వాళ్ళ మేనమామ ఇంటికి చేరిపోద్ది, తర్వాత ఆ పిల్లోడి ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, హడావుడిగా సంబంధం చూసేస్తారు.

హక్కులు అంటూ మొదలెట్టకండి. ఊళ్ళో మనిషిని చూసేదే ఎవరబ్బాయి, ఎవరమ్మాయి అని, మనం కూడా అక్కడ్నుంచే రావాలి. అందరూ కూర్చున్న అరుగు మీద కాదు, ఇంట్లో నలుగురూ మాట వినే మనిషిని పట్టుకోండి, ఎక్కువగా అది అమ్మమ్మో మేనత్తో అవుద్ది. మినప్పప్పు చెరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని "అత్తా, రేపు నీ మనవడే వచ్చి ఇలా చెప్తే ఏం చేస్తావ్" అని అడిగి ఊరుకోండి. తిడితే తిట్టనివ్వండి, ఆ పూటకి అంతే.

"పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటది" అనే మాట ఎలాగూ వస్తది, అక్కడ మాత్రం తగ్గొద్దు. "ఆడవాళ్ళ మీద మనసు లేని అబ్బాయికి మన పిల్లనిస్తావా మరి?" అనడగండి. తెగిపోయిన సంబంధాలు, పెద్దమనుషుల పంచాయితీలు చూసిన వాళ్ళు కదా, వెంటనే ఆలోచనలో పడతారు. నాకు తెలిసి ఇంతకన్నా పనిచేసే ప్రశ్న లేదు.

బాబాయిలైతే చట్టం ఎత్తుతారు. ఆడా ఆడా, మగా మగా కలవడాన్ని నేరమన్న 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పిచ్చాక, మేజర్లు ఇద్దరు ఇష్టపడి కలిసుండటం నేరం కాదు. పెళ్ళికి మాత్రం చట్టంలో చోటు లేదు, 2023 అక్టోబర్‌లో కోర్టు దాన్ని పార్లమెంటుకే వదిలేసింది, ఇది కూడా దాచకుండా చెప్పండి, లేకపోతే మిగతాదీ నమ్మరు. ట్రాన్స్‌జెండర్లకి మన రాష్ట్రంలో పింఛను కూడా ఉంది, ఊళ్ళో ఇది చెప్తే చాలా త్వరగా ఎక్కుద్ది.

తాయెత్తులకీ, మార్చేస్తామనే డాక్టర్లకీ డబ్బు పోయనివ్వకండి. కన్వర్షన్ థెరపీ చేసే డాక్టర్‌ది తప్పని నేషనల్ మెడికల్ కమిషనే 2022లో చెప్పింది. పిల్లాడు దిగులుగా ఉంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం గవర్నమెంట్ పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి కాల్ చేయించండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. గొడవ ముదిరేలా ఉంటే మాత్రం ఆధార్, టెన్త్ సర్టిఫికెట్, కొంచెం డబ్బులు ముందే నమ్మకమైన ఫ్రెండ్ దగ్గర పెట్టించండి.