లంబసింగికి టెంటు తీసుకెళ్తున్నారా? నిప్పులు మాత్రం బయటే

మొన్న పేపర్లో మళ్ళీ అదే వార్త. చలికి తలుపులు బిగించి, బొగ్గుల కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదు. ఏటా చలికాలంలో ఎక్కడో ఒకచోట ఇదే జరుగుతోంది. ఇప్పుడు లంబసింగి, వంజంగి వైపు టెంట్లతో బయల్దేరే రోజులు. దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉండే లంబసింగిలో తెల్లవారుజామున చలి ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది. స్వెట్టర్లు, టార్చిలైట్ల సంగతి మీకు తెలిసిందే. మిగతావి చెప్తాను.

టెంటు: రెండు పొరలది కొనండి. పైపొరకు గాలి రంధ్రాలు ఉండాలి. మన ఊపిరిలోని తేమ రాత్రికి బొట్లుబొట్లుగా మీద పడుతుంది, గాలి ఆడితేనే తగ్గుతుంది. చలేస్తోందని ఆ రంధ్రాల మీద టార్పాలిన్ కప్పకండి. పల్లంలో వేయొద్దు, చల్లగాలి రాత్రంతా అక్కడికే దిగుతుంది. ఎండుకొమ్మల కింద వేయొద్దు. పైన ఇంకో దుప్పటి కన్నా కింద మందపాటి ఫోమ్ చాప మేలు, నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది.

కత్తి: నాలుగంగుళాల మడవని కత్తి ఒకటి, మడత రంపం ఒకటి. గొడ్డలి వద్దు. వేళ్ళు కొంకర్లు పోయి, మంచుకి పిడి తడిసి ఉన్నప్పుడు వేటు తప్పితే కాలి మీదే పడుతుంది. మొండికత్తి ఇంకా ప్రమాదం, బలంగా నొక్కాల్సి వచ్చి జారుతుంది. పుల్లని ఒళ్ళో పెట్టుకుని చెక్కకండి, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. పచ్చి చెట్టు జోలికి పోవద్దు. ఊళ్ళో అడిగి ఎండుకట్టెలు కొనుక్కోండి.

ఇక అసలు విషయం. నిప్పులు టెంటు లోపలికి తేవద్దు. మూడేళ్ళ కిందట మాతో వచ్చిన ఒకతను మూకుడులో నిప్పులు తెచ్చి లోపల పెట్టాడు. "పొగ లేదు కదా" అన్నాడు, మేమూ ఊరుకున్నాం. అర్ధరాత్రి ఒకరికి వాంతి వచ్చి జిప్పు తీయబట్టి నలుగురం బతికాం. బూడిద కప్పిన నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని, ఒంటికి ఆక్సిజన్ అందనివ్వదు. నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. పొగ రాలేదని నమ్మకండి.

నిప్పులు లోపలికి వద్దు. గుమ్మం దగ్గరా వద్దు. జిప్పు కాస్త తెరిచి ఉంచినా వద్దు. గ్యాస్ స్టవ్ కూడా వద్దు. కారులో ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకోవద్దు. నెగడు టెంటుకి దూరంగా, గాలికి రవ్వలు టెంటు మీదికి రాని వైపు వేయండి. టెంటు నైలాన్ కరిగితే చర్మానికి అంటుకుపోతుంది. పడుకునే ముందు నీళ్ళు పోసి ఆర్పండి. వెచ్చదనం కావాలంటే మామూలు స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, మేజోడు తొడిగి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో పగలే చూసుకోండి. రాత్రి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే చలివల్ల అనుకోకండి. వెంటనే బయటికి రండి. లేవనివాళ్ళని ఈడ్చుకు రండి. 108కి ఫోన్ చేయండి.

పిల్లలు చలికి ఏడ్చినా సరే, నిప్పులు లోపలికి తేవద్దు.